రిపోర్టు నార్మల్ వచ్చింది, మరి ఒంట్లో ఎందుకు బాగోలేదు?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. రెండేళ్ల కిందట టీఎస్‌హెచ్ 18 ఉంది, టీ4 తక్కువగా ఉంది అని చెప్పి డాక్టర్ రోజూ 75 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర రాశారు. జీవితాంతం మందు మింగడం ఇష్టం లేక మూడు నెలల కిందట మానేశాను. ఇప్పుడు పొద్దున్నే ధనియాల కషాయం, రాత్రి పాలలో అశ్వగంధ పొడి తీసుకుంటున్నాను. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు పంపిన ‘థైరాయిడ్ సపోర్ట్’ క్యాప్సూల్స్, జుట్టు కోసం బయోటిన్ మాత్రలు కూడా వాడుతున్నాను. మామూలు ఉప్పు మానేసి సైంధవ లవణం వాడుతున్నాం. రెండు పూటలా సజ్జ రొట్టెలే. పోయిన వారం పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 1.9 వచ్చింది. ఇంట్లో అందరూ తగ్గిపోయిందన్నారు. కానీ జుట్టు దువ్వెన నిండా వస్తోంది. ఎండాకాలంలో కూడా ఫ్యాను కింద కూర్చోలేకపోతున్నాను. పొద్దున మంచం దిగబుద్ధి కావడం లేదు. రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. ఇలాగే మాత్ర లేకుండా సహజంగా కొనసాగవచ్చా?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బిడ్డ కోసం చూస్తున్నాం అన్న మాట దగ్గర నాకు గుండె ఆగినంత పనైంది. అందుకే ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మాత్ర లేకుండా కొనసాగవద్దు. ఈ వారంలోనే మీ డాక్టర్‌ను కలవండి. నెల తప్పిందేమోనని ఏ మాత్రం అనుమానమున్నా రేపే వెళ్లండి.

ఇక మీ రిపోర్టు సంగతి. థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్లు టీ4, టీ3. అవి తగ్గితే, గ్రంథిని పనిచేయమని పురమాయించే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, అవి ఎక్కువైతే టీఎస్‌హెచ్ తగ్గుతుంది. మాత్ర మానేసి మూడు నెలలైంది, ఒళ్లేమో థైరాయిడ్ తగ్గిన లక్షణాలన్నీ చూపిస్తోంది, కాగితం మీద మాత్రం 1.9. ఇలా ఒళ్లు ఒకటి చెప్పి కాగితం ఇంకొకటి చెప్పినప్పుడు, ఆ మధ్య ఏమేం మింగారో చూడాలి. మీ ఉత్తరంలోనే రెండు అనుమానాలు కనిపిస్తున్నాయి.

మొదటిది బయోటిన్. మన ఒంటికి రోజుకు కావలసింది సుమారు 30 మైక్రోగ్రాములు. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో చాలావాటిలో 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది. మూడు వందల రెట్లకు పైనే. ఒంటికి ఎక్కువైనది మూత్రంలో పోతుంది కాబట్టి పెద్దగా హాని లేదని అందరూ అనుకుంటారు. చిక్కు ఒంట్లో కాదు, ల్యాబ్‌లో వస్తుంది. చాలా ల్యాబ్ యంత్రాల్లో హార్మోన్‌ను పట్టుకునే రసాయనాలను అతికించడానికి బయోటిన్‌నే జిగురులా వాడతారు. మీ రక్తంలో బయోటిన్ నిండి ఉంటే అది వెళ్లి ఆ జిగురు అంటాల్సిన చోట్లను ఆక్రమిస్తుంది. దాంతో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. అంటే థైరాయిడ్ బాగా పనిచేస్తున్నట్టు అబద్ధపు రిపోర్టు. అన్ని యంత్రాల్లోనూ ఇలా జరగదు, కొన్నింటిలో జరుగుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. మన దగ్గర రక్తం తీసే కుర్రాడు ‘పరగడుపున వచ్చారా’ అని అడుగుతాడు గానీ ‘బయోటిన్ వాడుతున్నారా’ అని అడగడం నేనింతవరకూ వినలేదు. కాబట్టి మనమే చెప్పాలి. పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపాలి. మీలా పెద్ద డోసు రోజూ వాడేవాళ్లను నేను వారం ఆపమంటాను.

రెండోది మీ ఆడపడుచు ప్రేమతో పంపిన సీసా. అమెరికాలో ఇలాంటివి మందుల కింద కాదు, ఆహార సప్లిమెంట్ల కింద అమ్ముతారు. అమ్మకానికి ముందు మందుకు జరిగే తనిఖీ వీటికి జరగదు. అక్కడి పరిశోధకులు ఇలాంటి థైరాయిడ్ సప్లిమెంట్లు పది తీసుకుని పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. తొమ్మిదింటిలో టీ3 హార్మోన్ దొరికింది. ఐదింటిలో టీ4 కూడా ఉంది. మీ సీసాలో ఏముందో నేను చెప్పలేను. కానీ ‘సహజం’ అని నమ్మి మీరు కొలతలేని థైరాయిడ్ హార్మోన్నే మింగుతూ ఉండవచ్చు. అలాగైతే ఏ మాత్ర వద్దనుకున్నారో అదే, ఎంత ఉందో తెలియకుండా, బిళ్ల బిళ్లకూ తేడాతో ఒంట్లోకి వెళ్తోందన్నమాట. టీ3 ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి. ఆ సీసాను ఈరోజే పక్కన పెట్టండి. పారేయవద్దు, దానితో పనుంది.

ఇక మీరు మానేసిన మాత్ర గురించి. అది ‘కెమికల్’ అని మీకెవరో చెప్పి ఉంటారు. అది లీవోథైరాక్సిన్, మామూలుగా థైరాక్సిన్ అంటాం. మీ గొంతులోని గ్రంథి బాగున్న రోజుల్లో తయారుచేసిన టీ4కూ దీనికీ అణువులో తేడా ఏమీ లేదు. అశ్వగంధ కన్నా, ధనియాల కన్నా, ఒంటికి బాగా తెలిసిన పదార్థం ఇదే. మీరు సహజ వైద్యం అంటున్నారు కాబట్టి ఒక సంగతి చెబుతాను. ఈ జబ్బుకు తొలిసారి పనిచేసిన మందు నిజంగా సహజమైనదే. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే అనే వైద్యుడు, ముఖం ఉబ్బి, మాట మందగించి, మంచాన పడబోతున్న 46 ఏళ్ల మహిళకు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసం ఇచ్చాడు. ఆమె కోలుకుని 74 ఏళ్ల వరకూ బతికింది. అన్నేళ్లలో ఆమెకు 870 గొర్రెల గ్రంథులు కావలసి వచ్చాయట. ఆ రసంలో పనిచేస్తున్నది ఏమిటో 1914లో ఎడ్వర్డ్ కెండాల్ వేరుచేసి చూపించాడు, 1927లో దాన్ని ల్యాబ్‌లో తయారు చేయగలిగారు. మీరు మానేసిన ఆ చిన్న బిళ్ల అక్కడి నుంచి వచ్చింది. కొలత తప్పదు, గొర్రె అక్కర్లేదు.

జీవితాంతం అన్న మాటకు భయపడ్డారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. నాకు కూడా రెండో కాన్పు తర్వాత థైరాయిడ్ వచ్చింది, 19 ఏళ్లుగా రోజూ పొద్దున్నే ఆ మాత్రతోనే లేస్తాను. మొదటి ఏడాది ఎంత ఏడ్చానో మా అమ్మకు తెలుసు. అందరికీ జీవితాంతం అని కూడా కాదు. కాన్పు తర్వాత కొందరికి వచ్చేది ఏడాదిలోపు దానంతటదే సర్దుకుంటుంది. టీఎస్‌హెచ్ 5, 6 ఉండి టీ4 బాగున్నవాళ్లలో కొందరికి మళ్లీ పరీక్ష చేస్తే మామూలుగా వస్తుంది, చాలామందికి మందే అవసరం పడదు. కానీ టీఎస్‌హెచ్ 18, పైగా టీ4 తక్కువ అంటే ఆ కోవ కాదు. అయోడిన్ ఉప్పు తినే చోట ఇలాంటి కేసుల్లో ఎక్కువ శాతం హషిమోటో జబ్బే. మన రోగనిరోధక శక్తే మన థైరాయిడ్‌ను కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది. అలా దెబ్బతిన్న గ్రంథిని తిరిగి మొలిపించే ఆకు గానీ, పొడి గానీ, క్యాప్సూల్ గానీ ఇంతవరకూ లేదు. ‘మూలం నుంచి తగ్గిస్తాం’ అని చెప్పేవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: మందు మాన్పించిన ఆర్నెల్ల తర్వాత, బయోటిన్ లేకుండా చేసిన టీఎస్‌హెచ్ రిపోర్టు చూపిస్తారా?

ఇప్పుడు బిడ్డ సంగతి. కడుపులో బిడ్డకు మొదటి మూడు నెలలు సొంత థైరాయిడ్ పనిచేయదు. ఆ సమయంలోనే మెదడు ఏర్పడుతూ ఉంటుంది. కావలసిన హార్మోన్ మొత్తం తల్లి రక్తం నుంచే రావాలి. తల్లికే కొరతైతే గర్భం నిలవకపోవడం, నెలలు నిండకముందే కాన్పు కావడం, బీపీ పెరగడం లాంటి ప్రమాదాలు పెరుగుతాయి, బిడ్డ మెదడు ఎదుగుదల మీదా ప్రభావం పడవచ్చు. నెల తప్పిన సంగతి తెలిసేసరికే నాలుగైదు వారాలు గడిచిపోతాయి, అప్పుడు మొదలుపెడదాం అంటే కాలం చేతిలో ఉండదు. అందుకే మాత్ర వాడేవాళ్లకు టీఎస్‌హెచ్ 2.5 లోపుకి వచ్చాకే గర్భానికి ప్రయత్నించమంటాం. గర్భం అని తెలియగానే డోసు ఇరవై నుంచి ముప్పై శాతం దాకా పెంచాల్సి వస్తుంది. చాలామంది డాక్టర్లు, వారానికి ఏడు మాత్రలు వేసుకునేవాళ్లను తొమ్మిది వేసుకోమని ముందే చెప్పి పెడతారు. మీ డాక్టర్‌ను ఈ మాట ఇప్పుడే అడిగి ఉంచండి. టీఎస్‌హెచ్ దిగేవరకూ కొన్ని నెలలు ఆగడం కష్టమేనమ్మా, ఇంట్లో పెద్దవాళ్ల అడగడాలు ఉంటాయి. అయినా ఆగండి.

ఇదే కారణంతో అశ్వగంధ ఇవాళ్టి నుంచి ఆపేయండి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు, గర్భిణులు దాన్ని వాడకూడదు. థైరాయిడ్ మీద దాని ప్రభావం ఉత్త కబుర్లు కాదు. 2018లో మన దేశంలోనే 50 మంది మీద ఎనిమిది వారాల పరిశోధన జరిగింది. రోజుకు 600 మిల్లీగ్రాముల వేరు సారం తీసుకున్నవాళ్లలో టీఎస్‌హెచ్ తగ్గింది. కానీ వాళ్లంతా కొద్దిపాటి తేడా ఉన్నవాళ్లు, మీలా 18 ఉన్నవాళ్లు కాదు. పైగా అది కొద్దిమందితో కొద్ది వారాలు చేసిన పని. మరోవైపు అశ్వగంధ వల్ల థైరాయిడ్ అతిగా పెరిగినవాళ్లు, కాలేయం దెబ్బతిన్నవాళ్లు ఉన్నట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. పనిచేసే శక్తి ఉన్న మూలికకు చెడు చేసే శక్తి కూడా ఉంటుంది. ఆయుర్వేదం మీద గౌరవం ఉన్నవాళ్లు దాన్ని వీడియో చూసి వాడకూడదు, చదువుకున్న ఆయుర్వేద వైద్యుల దగ్గరకే వెళ్లాలి. వాళ్లు గొంతు వాపులకు కాంచనార గుగ్గులు ఇస్తుంటారు. అది వాడినా థైరాక్సిన్ మానకూడదు. వాడుతున్న సంగతి ఇద్దరు వైద్యులకూ తెలియాలి.

ధనియాల కషాయం హాయిగా తాగండి. థైరాయిడ్ జబ్బును నయం చేస్తుందని నమ్మదగ్గ రుజువు లేదు, హానీ లేదు. మాత్ర వేసుకున్న గంట తర్వాత తాగితే చాలు. మునగాకు, కొబ్బరి నూనె గురించి కూడా నా మాట ఇదే.

సెలీనియం గురించి మీరు అడగలేదు గానీ, రేపో మాపో ఎవరో ఒకరు చెబుతారు. థైరాయిడ్‌కు అది అవసరమే. హషిమోటో ఉన్నవాళ్లలో సెలీనియం మాత్రలతో, థైరాయిడ్ మీద దాడిచేసే యాంటీబాడీలు తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో వచ్చింది. అయితే దానివల్ల థైరాక్సిన్ అవసరం తగ్గుతుందని గానీ, నీరసం పోతుందని గానీ గట్టిగా తేలలేదు. రోజుకు కావలసింది 55 మైక్రోగ్రాములే. గుడ్డు, చేప, పప్పుధాన్యాలు తినే ఇంట్లో చాలావరకు అందుతుంది. రోజుకు 400 దాటితే విషమవుతుంది, అప్పుడు కనిపించే మొదటి లక్షణాల్లో జుట్టు ఊడటం, గోళ్లు పెళుసుబారడం ఉంటాయి. దేనికోసం వేసుకున్నారో అదే ఎక్కువవుతుంది.

నిజంగా పనికొచ్చే సప్లిమెంట్లు ఉన్నాయి, కానీ రక్తపరీక్షలో కొరత కనిపించినప్పుడే. మీరు హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష), బీ12, విటమిన్ డీ చేయించండి. థైరాయిడ్ హార్మోన్ తయారుచేసే ఎంజైమ్‌కు ఇనుము కావాలి. నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్లలో ఇనుము తగ్గుతుంది, థైరాయిడ్ తగ్గితే నెలసరి ఇంకా ఎక్కువ అవుతుంది. ఒకదాన్నొకటి లాగుతాయి. హషిమోటో ఉన్నవాళ్లలో బీ12 కొరత కూడా మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తుంది. నీరసమంతా థైరాయిడ్ ఖాతాలో వేసేసి ఈ కొరతలు వదిలేసిన కేసులు ఎన్నో చూశాను.

ఉప్పు దగ్గర కొంచెం ఆగాలి. సైంధవ లవణంలో ఎనభై ఖనిజాలున్నాయని చెబుతారు, అయోడిన్ మాత్రం కలిపి ఉండదు. అయోడిన్ ఉప్పులో ఇంటికి చేరే సమయానికి కనీసం 15 పీపీఎం, అంటే గ్రాము ఉప్పుకు 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలని మన దేశ నియమం. పది గ్రాముల ఉప్పులో అది 150 మైక్రోగ్రాములు, సరిగ్గా పెద్దవాళ్లకు రోజుకు కావలసినంత. గర్భిణికి 250 కావాలి. మన దేశంలో గొంతువాపు జబ్బు మీద జాతీయ కార్యక్రమం 1962లో మొదలైంది. ఆ ప్యాకెట్ ఉప్పు వెనక అన్ని దశాబ్దాల కష్టం ఉంది. సముద్రపు రాళ్ల ఉప్పులో కూడా చెప్పుకోదగ్గ అయోడిన్ ఉండదు. ఆవకాయకు, మాగాయకు రాళ్ల ఉప్పే వాడుకోండి. కూరకు, చారుకు మాత్రం అయోడిన్ ఉప్పు ప్యాకెట్టే వాడండి. మూత ఉన్న డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా ఉంచండి.

మీరేమో ఉప్పు మార్చడంతో పాటు సజ్జ రొట్టెలకూ మారారు. సజ్జల్లో థైరాయిడ్ పనిని కొంత అడ్డుకునే పదార్థాలు ఉన్నాయి. అయోడిన్ సరిగ్గా అందే ఇంట్లో వారానికి రెండు మూడుసార్లు తింటే ఏ భయమూ లేదు. అయోడిన్ లేని ఉప్పుతో, రెండు పూటలా అవే తింటే ఆ రెండూ కలిసి ఒకే చోట దెబ్బకొడతాయి. మీ రెండు మార్పులూ ఆరోగ్యం కోసమే చేసుకున్నారు, మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. జొన్న, రాగి, బియ్యం మారుస్తూ తినండి. క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకుని తినవచ్చు, పచ్చి క్యాబేజీ జ్యూసులు వద్దు. అలాగని అయోడిన్ మంచిదే కదా అని సముద్రపు నాచు మాత్రలు కొనకండి. అయోడిన్ అతిగా పడితే హషిమోటో ఉన్న థైరాయిడ్ ఇంకా మొండికేస్తుంది. మీ అమెరికా సీసా మీద ‘కెల్ప్’ అని ఉందేమో చూడండి, అది ఈ నాచే.

మాత్ర వేసుకున్నన్నాళ్లూ పెద్దగా తేడా తెలియలేదని మానేసినవాళ్లను చాలామందిని చూశాను. మీకూ అదే జరిగిందేమో. ఒకావిడ నా దగ్గరకు చిన్న స్టీలు డబ్బాతో వచ్చేది. డోసు మూడుసార్లు పెంచినా టీఎస్‌హెచ్ 11 దిగడం లేదు. ఒకరోజు మందులు చూపించమ్మా అంటే డబ్బా మూత తీసి అరచేతిలో ఒంపింది. చిన్న తెల్ల థైరాయిడ్ బిళ్ల, బొటనవేలంత క్యాల్షియం మాత్ర, ఎర్రటి ఐరన్ మాత్ర, గ్యాస్ క్యాప్సూల్. ‘పొద్దున కాఫీతో ఒక్కసారే వేసేసుకుంటానండి, మర్చిపోకుండా ఉంటుందని’ అంది. క్యాల్షియం, ఐరన్ థైరాక్సిన్‌ను పేగులోనే పట్టేసి ఒంట్లోకి పోనివ్వవు. కాఫీ కూడా అడ్డుపడుతుంది. క్యాల్షియం మధ్యాహ్నానికి, ఐరన్ రాత్రికి మార్చాం, కాఫీ గంట వెనక్కి జరిపాం. రెండు నెలలకు టీఎస్‌హెచ్ 3కి వచ్చింది, తర్వాత డోసు తగ్గించాల్సి వచ్చింది కూడా.

కాబట్టి మీరు మళ్లీ మొదలుపెట్టినప్పుడు నిద్ర లేవగానే, పరగడుపున, మంచినీళ్లతో వేసుకోండి. కాఫీ, టిఫిన్, కషాయం అన్నీ కనీసం అరగంట, వీలైతే గంట తర్వాతే. ఐరన్, క్యాల్షియం, గ్యాస్ సిరప్‌లకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మీల్‌మేకర్ కూర, సోయా పాలు ఉదయం టిఫిన్‌లో వద్దు. పొద్దున పిల్లల బాక్సుల హడావుడిలో కుదరదంటే, రాత్రి భోజనమైన మూడు గంటలకు పడుకునే ముందు వేసుకోండి. ఏదో ఒక వేళ పెట్టుకుంటే దానికే కట్టుబడండి. ఒకరోజు మర్చిపోతే కంగారు పడకండి, గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. ఈ మందు రక్తంలో సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. మానేసిన మొదటి రెండు వారాలు మీకు ఏమీ అనిపించకపోవడానికి కారణం కూడా ఇదే. మాత్రలను దాని సీసాలోనే, చల్లటి చోట ఉంచండి. మన ఎండలకు పొయ్యి పైన అల్మారాలో పెట్టిన సీసా పాడవుతుంది.

జుట్టు గురించి దిగులు పడుతున్నారు. హార్మోన్ సర్దుకున్నాక మూడు నుంచి ఆరు నెలల్లో ఊడటం తగ్గి కొత్త జుట్టు వస్తుంది, ఇనుము కొరత ఉంటే అదీ సరిచేసుకోవాలి. బరువు గురించి మీరు రాయలేదు, అయినా చెబుతాను. థైరాయిడ్ వల్ల పెరిగేది మామూలుగా రెండు నుంచి ఐదు కిలోలే, అందులో నీరే ఎక్కువ. బరువు తగ్గాలని మాత్ర ఎక్కువ వేసుకునేవాళ్లు ఉన్నారు. దానివల్ల ఎముకలు గుల్లబారతాయి, గుండె లయ తప్పుతుంది.

ఈ వారం ఇలా చేయండి. ముందు ఇంట్లోనే గర్భ పరీక్ష చేసుకోండి. బయోటిన్, అమెరికా క్యాప్సూల్స్, అశ్వగంధ ఆపండి. డాక్టర్‌ను కలిసి, ఎన్ని రోజులు మాత్ర మానేశారో దాచకుండా చెప్పండి, కోప్పడినా పడనివ్వండి. మళ్లీ ఎంత డోసుతో మొదలుపెట్టాలో ఆయన చెబుతారు. బయోటిన్ ఆపిన వారానికి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, యాంటీ టీపీఓ (హషిమోటోను పట్టిచ్చే యాంటీబాడీ పరీక్ష) చేయించండి. తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్ చూడాలి, అంతకంటే ముందు చూస్తే సరైన అంకె రాదు. ఈలోగా విపరీతమైన మగత, మాట తడబడటం, ముఖమంతా ఉబ్బడం, ఒళ్లు మంచులా చల్లబడటం లాంటివి కనిపిస్తే ఎదురుచూడకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని మీ వాళ్లకు చెప్పి ఉంచండి.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ సీసాను కూడా సంచిలో వేసుకుని వెళ్లండి. వెనక చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉందో ఆయన చదవాలి. మీ ఆడపడుచుకు కూడా ఫోన్ చేసి, ఆవిడ కూడా అదే వాడుతున్నారేమో కనుక్కోండి.